రెండో కన్ను

మార్చి నెలాఖరున, గట్ల నీడల్లో మంచు ఇంకా కరగకముందే, డెల్ఫా కినియర్ ఎడమ కంట్లో కంచె మేకు దిగింది. ముళ్ళతీగను కొయ్యగుంజకు బిగించే రెండుకాళ్ళ మేకు అది. ఆమె మొగుడు ఎమ్మెట్ సుత్తి వేశాడు, దెబ్బ అంచుకు తగిలింది, మేకు ఎగిరింది. పక్కనే తీగ బిగబట్టి నిలబడ్డ డెల్ఫా కనీసం అరవలేదట. తొడుగున్న చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని, "ఎమ్మెట్, నన్ను ఊళ్ళోకి తీసుకెళ్ళు" అందట, అంతే.

ఇది 1957 నాటి మాట. బిగ్‌హార్న్ కొండల కింద మా ఊళ్ళో ముసలి టార్వల్డ్ నడిపే గుర్రపు జీన్ల కొట్టులో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. నేను కుట్టుమిషను మీద, ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర తోలు చెక్కే పని మీద. నాకు ముప్ఫై ఆరు, ఆమెకు నలభై ఒకటి. పదమూడేళ్ళుగా ఆమె సుత్తి చప్పుడు వింటూనే నేను కుట్టాను.

మా వైపు జీన్ల మీద అడవిగులాబీలు చెక్కడం మామూలు. చేతిలో కాస్త పనితనం ఉన్నవాడెవడైనా పువ్వు నిలబెట్టగలడు. డెల్ఫా గొప్పతనం ఆకుల్లో ఉంది. ఒక ఆకు ఇంకో ఆకు కిందకి దూరి, అవతలి వైపు మళ్ళీ తేలేది. కొస కొంచెం మెలితిరిగి, గాలి వీస్తే కదులుతుందేమో అనిపించేది. ఒకసారి కొత్తగా వచ్చిన పశువుల ఆసామి ఒకడు జీను మీద ఆకు అంచు కింద గోరు పెట్టి లాగబోయాడు. "ఇది వేరే ముక్క కోసి అతికించారా?" అని అడిగాడు.

"లాగండి లాగండి, ఊడొస్తే ఆకు మీదే, ఊడకపోతే జీను కొనాలి" అంది డెల్ఫా తలెత్తకుండా.

ఆ పని ఎలా చేస్తారో ఆమె నాకు చాలాసార్లు చూపించింది. నాకు చెయ్యి రాలేదు గానీ అర్థమైంది. తోలును తడిపి, పైన ఆరి లోపల చెమ్మ మిగిలి ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. చూపుడువేలు పైన ఆన్చి తిప్పుకునే చిన్న కత్తితో ఆకు అంచు వెంబడి గీత కొయ్యాలి. పావంగుళం కూడా లేని తోలు, అందులో సగానికి మించి కత్తి దిగకూడదు. తర్వాత ఏటవాలు మొన ఉన్న ఇనప అచ్చును గీతకు బయటి వైపు ఆనించి, సుత్తితో దెబ్బ పక్కన దెబ్బ వేసుకుంటూ పోవాలి. "ఆకును పైకి లేపడం ఎవరి వల్లా కాదే నెట్టీ. చుట్టూ ఉన్నదాన్ని కిందికి తొక్కితే అదే లేస్తుంది" అనేది. పై ఆకు పక్కన లోతుగా తొక్కి, దూరం పోయేకొద్దీ దెబ్బ తేలిక చెయ్యాలి. ఆకు నడుమ గుండ్రటి మొనతో పల్లం చేసి, ఆ పల్లాన్ని అంచు చేరేలోగా మాయం చెయ్యాలి. ఈనెలు ఆఖరున. ఎక్కడా తేడా వెంట్రుక మందం దాటదు. ఆ వెంట్రుక మందాన్ని ఆమె కళ్ళు పట్టుకునేవి.

మేకు తగిలిన రోజే ఎమ్మెట్ ఆమెను ట్రక్కులో నూట ముప్ఫై మైళ్ళ దూరాన బిల్లింగ్స్ పట్నంలో ఉన్న కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు చూస్తున్నంతసేపూ అతను బయట ట్రక్కులోనే కూర్చున్నాడు. లోపలికి వెళ్ళే ధైర్యం చాల్లేదు పాపం. ఆమె బయటికొచ్చి, "శుభ్రం చేశారు. మానుతుందట" అని చెప్పింది. అతను నమ్మాడు.

సోమవారం కంటికి నల్లగుడ్డ కట్టుకుని పనిలోకి వచ్చింది.

"ఏంటమ్మా, ఓడల్ని దోచేదానిలా ఆ వేషం?" అన్నాడు టార్వల్డ్. తర్వాత గొంతు తగ్గించి, "కన్ను ఉందా, పోయిందా?" అన్నాడు.

"ఉంది. కొన్నాళ్ళు కప్పి ఉంచమన్నారు" అంది.

అప్పుడు బల్ల మీద ఉన్నది జులైలో గుర్రపుస్వారీ పోటీలు జరిగే రోడియోలో గెలిచినవాడికి ఇచ్చే జీను. రౌతు కాళ్ళ పక్కన వేలాడే రెండు పెద్ద తోలు పలకలు, వాటి నిండా ఒక్క ఆకులే. ఆ ఆలోచన టార్వల్డ్‌ది. పువ్వు లేకుండా ఆకులతోనే నిలబడే జీను ఈ చుట్టుపక్కల లేదని, అది డెల్ఫానే చెయ్యాలని శీతాకాలమంతా చెబుతూ వచ్చాడు.

మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది. కాఫీ కప్పు పక్కన పోసుకుంది. అచ్చు తియ్యబోయి ఖాళీ గాలిని పట్టుకుంది. సుత్తి చప్పుడు మారిపోయింది. మునుపు వాన పడ్డట్టు వరసగా ఉండేది, ఇప్పుడు రెండు దెబ్బలు, నిశ్శబ్దం, మళ్ళీ ఒక దెబ్బ. మధ్యలో బొటనవేలు కొట్టుకుని పళ్ళు బిగించుకున్న శబ్దం. ఏదో అడగబోతే, "పని చూసుకోవే" అని కసిరింది. డెల్ఫా నన్ను కసరడం అదే మొదటిసారి.

శుక్రవారం టార్వల్డ్ తోళ్ళు కొనడానికి ఊరు దాటి వెళ్ళాడు. నేను మిషను ఆపి దారం ఎక్కిస్తున్నాను. వెనక నుంచి చిన్న శబ్దం వచ్చింది, గుడ్డ చినిగినట్టు. తిరిగి చూశాను. డెల్ఫా పలకను రెండు చేతుల్తో వెలుగుకు ఎత్తి పట్టుకుని ఉంది. ఆకు అంచున సన్నటి తెల్లటి గీత. అందులోంచి కిటికీ వెలుగు ఇవతలికి వస్తోంది. కత్తి తోలు దాటి బల్లలో దిగింది.

ఆమె ఆ పలకను గబగబా చుట్టి ఏప్రను కింద దోపుకుంది. అప్పుడు నన్ను చూసింది. వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"టార్వల్డ్‌కి చెప్పావంటే నీకూ నాకూ ఇంతటితో సరి."

"ముక్క పోతే పోయింది, ఇంకో ముక్క కోద్దాం. నీకేమైందే? అది చెప్పు ముందు."

"నాకు బల్లపరుపుగా కనిపిస్తోంది నెట్టీ. అంతా గోడ మీద బొమ్మలా ఉంది. ఏది పైన, ఏది కింద తెలీడం లేదు. కత్తి ఎంత దిగిందో తెలీడం లేదు."

"కన్ను మానాక అదే సర్దుకుంటుంది కదా."

అప్పుడు ఆమె నా మణికట్టు వదిలేసి కూర్చుంది. డాక్టరు అన్నది అప్పుడు చెప్పింది. ఎడమ కన్ను చూపు తిరిగి రాదు. అంతే కాదు, అంతగా చితికిన కన్నును తలలో అలాగే ఉంచితే బాగున్న కన్ను కూడా దానితోపాటు పోవచ్చు. ఎందుకో వాళ్ళకూ పూర్తిగా తెలీదు. అందరికీ అలా జరగదు, కానీ జరిగితే ఆపడం కష్టం. రెండు వారాల్లోపు చెడిన కన్ను తీసేస్తే ఆ భయం చాలా తగ్గుతుంది.

"రెండు వారాలు ఎప్పటినుంచి?"

"మేకు తగిలిన రోజునుంచి. ఇవాళ తొమ్మిదో రోజు."

"మరి ఎమ్మెట్‌కి..."

"చెప్పలేదు. చెప్తే భుజాన వేసుకుని తీసుకెళ్తాడు. నేను వెళ్ళను."

ఎందుకు వెళ్ళదో కూడా చెప్పింది. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లికి కడుపులో గడ్డ లేచింది. డాక్టరు ఇంటికే వచ్చి వంటింటి బల్ల మీద కోశాడు. పిల్లను బయటికి పంపి తలుపు వేశారు. తల్లి ముక్కు మీద మత్తుమందు గుడ్డ వేసి లెక్కపెట్టమన్నారు. తలుపు అవతల నుంచి తల్లి గొంతు వినిపించింది, ఒకటి, రెండు. డెల్ఫా కూడా బయట నిలబడి ఆమెతో పాటు లెక్కపెట్టింది.

"ఏడు అంది. నేను ఎనిమిది అన్నాను. ఆమె అనలేదు. మళ్ళీ లేవలేదు నెట్టీ. నేను ఆ బల్ల మీద పడుకోను. కన్ను పోతే పోనీ."

"రెండూ పోతే?"

ఆమె లేచి కొత్త పలక తడపడం మొదలుపెట్టింది.

శని, ఆదివారాలు నాకు అదే ఆలోచన. మాట ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? చెప్పనని నేను నోటితో అనలేదు. కానీ ఆమె అడిగింది, నేను ఊరుకున్నాను. చర్చిలో ఎమ్మెట్ నా ముందు వరసలోనే కూర్చున్నాడు. అతని మెడ వెనక ఎండకు కాలిన ముడతలు చూస్తూ, ఇప్పుడు భుజం తట్టి చెప్పేద్దామా అని ఎన్నిసార్లు అనుకున్నానో. పక్కనే కూర్చున్న డెల్ఫా ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ ఒంటి కంటితో నన్ను చూసింది. నా చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

మంగళవారం పదమూడో రోజు. పొద్దున్నే మేఘం పట్టి, మధ్యాహ్నానికి సన్నగా మంచు మొదలైంది. డెల్ఫా వచ్చి బల్ల ముందు కూర్చుంది, అయిదు నిమిషాలు కదల్లేదు. తర్వాత లేచి కిటికీ తెర లాగేసింది.

"వెలుగు గుచ్చుతోంది" అంది.

నేను దగ్గరికెళ్ళి చూశాను. కుడికన్ను ఎర్రగా ఉంది. నీరు కారుతోంది. రెప్ప దానంతటదే కొట్టుకుంటోంది.

"నెట్టీ, ఆకు గీత వంకర్లు పోతోంది. నేనేమో తిన్నగా గీశాను. గీత వంకరగా ఉందా, నా కన్నా?" ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. పిల్ల గొంతులా ఉంది. "మొదలైందే. మొదలైపోయింది."

గీత తిన్నగానే ఉంది.

నేను ఇంక ఆగలేకపోయాను. కొట్టు మధ్యలో నిలబడి, "టార్వల్డ్!" అని కేకవేశాను. ఆయన వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. డెల్ఫా ఎదుటే మొత్తం చెప్పేశాను, కోసుకుపోయిన పలక సంగతి తప్ప. డెల్ఫా చేతిలో సుత్తి నేలకేసి కొట్టింది.

"పామువే నువ్వు. పదమూడేళ్ళు పామును పక్కలో పెట్టుకున్నా."

టార్వల్డ్ మంచి మాటలు చెప్పే మనిషి కాడు. ఎదటి మనిషి ఏడిస్తే గొర్రెలు కాసుకునే కుర్రతనంలో నేర్చిన ఈల వేసుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆ రోజు మాత్రం స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు ఆ మత్తుమందంటే భయం. నాకు ఈ బల్ల దగ్గర నువ్వు లేకుండా పోతావని భయం. నాది స్వార్థమే, ఒప్పుకుంటున్నా. కోటు వేసుకో."

"నేను చచ్చిపోతే?"

"చస్తే నన్ను తిట్టుకో. ముందు కోటు వేసుకో."

ఎమ్మెట్ వీధికి అవతల దాణా కొట్టులో ఉన్నాడు. టార్వల్డే వెళ్ళి పిలుచుకొచ్చాడు. దారిలో ఏం చెప్పాడో తెలీదు. ఎమ్మెట్ టోపీ మీద మంచుతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆమెను తిట్టలేదు, ఏమీ అడగలేదు. "ఆ దెబ్బ నేను వేసిందే గదా డెల్ఫా" అన్నాడు. అది విని ఆమె కోటు వేసుకుంది. చెయ్యి నావైపు చాచి, "ఈ పాము కూడా రావాలి" అంది.

ట్రక్కులో ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నాం, ఆమె మధ్యలో. మాంటానా రాష్ట్రం సరిహద్దు దాటేసరికి నేలమీది మంచును గాలి లేపి రోడ్డు మీద పరుగెత్తిస్తోంది. రోడ్డు కనిపించదు, పక్కన కంచె గుంజలు కనిపిస్తాయి, అవీ మాయమవుతాయి. ఎమ్మెట్ అద్దం మీదికి వంగి నడుపుతున్నాడు. డెల్ఫా అరచేత్తో కుడికన్ను మూసుకుంటుంది, తెరుస్తుంది, మూసుకుంటుంది.

"నెట్టీ, ఆ గుంజ మసగ్గా ఉందా?"

"మంచు కదే. నాకూ మసగ్గానే ఉంది."

"ఆ తర్వాతది?"

"అదీ అంతే."

"నిజం చెప్పు. నా కోసం అబద్ధం ఆడకు."

"దేవుడి తోడు, నాకసలు కనిపించడమే లేదు."

కాసేపటికి ఆమె గుసగుసగా, "మొత్తం తెల్లగా ఉంది నెట్టీ. నాకు మొత్తం తెల్లగా ఉంది" అంది. నేను అద్దంలోంచి చూశాను. నిజంగానే మొత్తం తెల్లగా ఉంది. ఎమ్మెట్ బండి ఆపేశాడు. ముందు ట్రక్కు ఉందో, పల్లం ఉందో తెలియని చోట, ఇంజను శబ్దం వింటూ కూర్చున్నాం. అది ఆమె కన్ను కాదు, ఆకాశమేనని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. ఆమె మొహాన్ని నా భుజంలో దాచుకుంది. గాలి కాస్త తగ్గి గుంజలు మళ్ళీ తేలేసరికి ఆమె, "ఒకటి కనిపించింది" అంది. ఎమ్మెట్ గేరు వేశాడు.

బిల్లింగ్స్ చేరేసరికి సాయంత్రం అయిదు. డాక్టరు ఆమె కుడికంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. ఈసారి ఎమ్మెట్ కూడా లోపలికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన దీపం ఆర్పి, స్టూలు వెనక్కి జరుపుకుని, "దీనికి ఇంకా ఏమీ రాలేదు" అన్నాడు.

"ఎర్రగా ఉంది కదండీ" అన్నాను నేను.

"అలసట. ఒంటికన్నుతో అంగుళం దూరం నుంచి రోజంతా దేన్ని చూసినా ఇలాగే అవుతుంది. కానీ అమ్మా, మీరు బాగున్న కన్నును పందెం కాస్తున్నారు. రేపు పొద్దున్న ఆ కన్ను తీసేద్దాం."

"ముక్కు మీద గుడ్డ వేస్తారా?" అంది డెల్ఫా.

"ఇప్పుడు చేతికి సూదితో మొదలుపెడతాం. లెక్కపెట్టమంటాం, అంతే."

లెక్క అనగానే ఆమె నావైపు తిరిగి, "నువ్వు తలుపు దగ్గర నిలబడు. నేను ఎక్కడ ఆపితే అక్కడ్నుంచి నువ్వు లెక్కపెట్టు. ఆపకు" అంది.

మర్నాడు నర్సు తలుపు కొంచెం తెరిచి ఉంచింది. డెల్ఫా గొంతు విన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గరే ఆగింది. నేను అయిదు అన్నాను. వసారాలో గోడ వైపు తిరిగి, పైకే లెక్కపెట్టాను. నర్సులు వింతగా చూశారు. ఎమ్మెట్ బెంచీ మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు వేల మూడువందల దాకా వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అప్పుడు డాక్టరు వచ్చి, "మేలుకుంటోంది, నీళ్ళు అడుగుతోంది" అన్నాడు.

ఆ రోడియో జీను టార్వల్డే పూర్తి చేశాడు. పువ్వులే పెట్టాడు, వాటి పక్కన ఏవో నాలుగు ఆకులు. డెల్ఫా మే నెలలో గాజుకన్నుతో తిరిగొచ్చి దాన్ని చూసి, "మీ ఆకులు ఇస్త్రీ చేసినట్టున్నాయి" అంది. ఆయన ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

తిరిగి నేర్చుకోవడం తేలిగ్గా జరగలేదు. ఆమెకు బెల్టులు ఇచ్చారు, చిన్న ముక్కలు. రెండు నెలల పాటు అవన్నీ చెత్తడబ్బాలోకే వెళ్ళాయి. నెమ్మదిగా తనకు తానే ఉపాయాలు వెతుక్కుంది. కత్తి మొన పైన దారం చుట్టింది, అంతకు మించి దిగకుండా. దీపాన్ని బల్ల ఎత్తుకు దించి పక్కనుంచి పడేలా పెట్టింది. అలా పెడితే చిన్న గట్టుకు కూడా పొడుగు నీడ పడుతుంది. ఆ నీడ ఎంత పొడుగు ఉందో చూసి లోతు లెక్క కట్టుకునేది. ఎడమచేతి చిటికెన వేలి గోటిని గీతలో నడిపిస్తూ దాని వెనకే అచ్చు నడిపేది. ఆకు పూర్తయ్యాక కళ్ళు మూసుకుని బొటనవేలితో రెండుమూడు సార్లు తడిమేది. "చెప్పవే, నువ్వు చూసి చెప్పు. లేచిందా?" అనేది. లేవలేదని చెప్పడం నాకు చాలా కష్టంగా ఉండేది. అయినా చెప్పాను.

మరుసటి ఏడాది మొదట్లో, చలి పోకముందే, మొదటి జీను చేసింది. దాన్ని కొన్నవాడు, ల్యూథర్ అని ఒక గొర్రెల ఆసామి, నెల తిరక్కుండా జీను భుజాన వేసుకుని వచ్చాడు.

"అమ్మా, నీ ఆకులు నా ప్యాంటు మోకాళ్ళు తినేస్తున్నాయి. ఆకు లేపమన్నాను గానీ చెట్టునే లేపమన్నానా?"

నిజమే. చూపు మీద నమ్మకం లేక మరీ లోతుగా తొక్కింది, అంచులు పదునుగా లేచి ఉన్నాయి. అది తడిమి చూసుకుని డెల్ఫా పగలబడి నవ్వింది. మార్చి పోయి మళ్ళీ మార్చి వస్తుండగా విన్న మొదటి నవ్వు అది. నున్నటి ఎముక ముక్కతో అంచులు రుద్ది నున్నచేసి పంపింది. ఆ తర్వాత ఆకులు మునుపటిలా సన్నగా ఉండేవని నేననను. కొంచెం మొరటు. కొంతమందికి అవే నచ్చాయి.

భయం మాత్రం పోలేదు. అంత ఆలస్యంగా తీసినందువల్ల ప్రమాదం పూర్తిగా పోయిందని ఎప్పటికీ చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకని ఆమె పొద్దున్నే కొట్టులోకి రాగానే, కోటు విప్పకుండానే, వీధికి అవతల దాణా కొట్టు బోర్డు మీది చిన్న అక్షరాలు చదివేది. చదవగలిగితే కోటు విప్పేది. పొగమంచు పట్టిన రోజుల్లో ఆమె గుమ్మంలో నిలబడి ఉంటే, నేను మిషను ఆపి ఆమె మొహం చూస్తూ కూర్చునేదాన్ని. మంచు విడి ఆ అక్షరాలు కనిపించడానికి ఒక్కోసారి గంట పట్టేది.

పంతొమ్మిదేళ్ళు అలా పనిచేసింది. ఎనభై మూడులో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. పోయే వారం ముందు నేను వెళ్తే, మంచం మీద నుంచే నన్ను గుమ్మంలో చూసి, "నీ కోటు గుండీ ఒకటి ఊడింది నెట్టీ, కుట్టుకో" అంది.